కూటాలు ముగిశాక కూడా నిలిచే సంతోషం: ఎలా సాధన చేయాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ సంఘానికి వెళ్ళినా నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఉపవాస ప్రార్థన కూటాల్లో ఉన్నప్పుడు మనసు ఎంతో తేలికైపోతుందండి. ఇంటికొచ్చాక నాలుగు రోజులకే మళ్ళీ మామూలే. అదే టెన్షన్, అదే చిరాకు. నా విశ్వాసంలో ఏటైనా లోపం ఉందా?" పలాసలో జీడిపప్పు వలిచే అక్కలు ఇదే అడిగారు, పైడిభీమవరం కంపెనీల్లో నైట్ షిఫ్ట్ చేసే తమ్ముళ్ళూ ఇదే అడిగారు. అందుకే ఇది ఒక వరసలో రాస్తున్నాను. చదివి పక్కన పెట్టేయకుండా ఒక నెలపాటు చేసి చూడండి.

ముందుగా ఒక్క మాట. కూటాల్లో కలిగే ఆ ఉప్పొంగే అనుభూతి అబద్ధం కాదు, దాన్ని తక్కువ చేయను. కానీ నిలిచే సంతోషం వేరే దారిలో వస్తుంది. యోహాను సువార్త 15వ అధ్యాయం 4 నుంచి 11వ వచనం దాకా చదవండి. "నాయందు నిలిచియుండుడి" అన్నది ముందు వస్తుంది, ఆయన ఆజ్ఞలు గైకొనడం తర్వాత వస్తుంది, సంతోషం మాట చివర్లో వస్తుంది. ఈ మాటలు యేసు సిలువకు ముందు రాత్రి చెప్పాడు. అంటే సంతోషం కోసం నేరుగా వెతికితే దొరకదు. ఆయనలో నిలిచి ఉండటం నేర్చుకుంటే అది వెనకాలే వస్తుంది. సిద్ధాంతం ఇంతటితో చాలు.

కావలసినవి

- తెలుగు బైబిలు. చదవడం రాకపోతే ఫోన్లో ఆడియో బైబిలు.
- ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను.
- రోజుకు ఇరవై నిమిషాలు. పొద్దున్నే కుదిరితే మంచిది.
- మీరు నమ్మి మాట్లాడగలిగే ఒక విశ్వాసి. ఆడవాళ్ళు ఆడవాళ్ళతో, మగవాళ్ళు మగవాళ్ళతో మాట్లాడుకుంటే మేలు.
- ఇంట్లో ఉన్న పాత కీర్తనల పుస్తకం.

డబ్బు అక్కర్లేదు. ప్రత్యేకమైన గది అక్కర్లేదు. పెద్ద గొంతుతో ప్రార్థన చేయడం రాకపోయినా పర్వాలేదు.

1. మీ సంతోషం దేని మీద నిలబడిందో రాయండి

నోటు పుస్తకంలో పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. గడిచిన వారంలో మీకు సంతోషం కలిగించినవి ఎడమవైపు రాయండి. అబ్బాయి డీఎస్సీ రిజల్టు, 80 కేజీల జీడి పిక్కల బస్తా ధర పెరగడం, చెన్నై నుంచి మీ ఆయన పంపిన డబ్బు, పాస్టరు అయ్యగారు మీ పాటను మెచ్చుకోవడం, ఏదైనా సరే. ఇవి పోతే నేను ఏమైపోతాను అన్నది ప్రతిదానికీ ఎదురుగా కుడివైపు రాయండి. నిజాయితీగా రాయండి, ఎవరికీ చూపించనక్కర్లేదు.

ఎడమవైపు ఉన్నవి పాపాలు అనుకోకండి. అవి దేవుడిచ్చినవే, వాటికి సంతోషించాల్సిందే. కానీ మొత్తం బరువంతా వాటి మీదే పెడితే ఏం జరుగుతుందో పలాస చుట్టుపక్కల ఉద్దానం వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తాతలు, తండ్రులు పెంచిన కొబ్బరి చెట్లు, జీడితోటలు తెల్లారేసరికి నేలమీద ఉన్నాయి. కొబ్బరి మొక్క మళ్ళీ నాటితే కాపుకొచ్చేది ఏళ్ళ తర్వాతే.

ఆ ఊళ్ళలో కూర్చుని హబక్కూకు 3వ అధ్యాయం 17, 18 వచనాలు చదివితే అవి వేరుగా వినిపిస్తాయి. చెట్లు పూయకపోయినా, చేను పండకపోయినా, సాలలో పశువులు లేకపోయినా "నేను యెహోవాయందు ఆనందించెదను" అంటాడు ప్రవక్త. తర్వాత చెట్లు మళ్ళీ కాశాయని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఆనందించడానికి అతను ఆ కబురు కోసం ఎదురుచూడలేదు.

సేవ చేసేవాళ్ళకు ఈ దశ మరీ అవసరం. లూకా 10లో డెబ్బదిమంది శిష్యులు దయ్యాలు సైతం లోబడుతున్నాయని సంతోషంతో తిరిగొస్తే, దానికి కాదు, మీ పేర్లు పరలోకంలో రాయబడి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు యేసు. సంఘంలో జనం పెరిగితే సంతోషం, తగ్గితే నిద్రలేమి అన్నట్టుగా ఉన్న సేవకులు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి.

పేజీ కింద ఎవరూ తీసుకుపోలేనివి రాసుకోండి: నా పాపం క్షమించబడింది, నేను దేవుని బిడ్డను, మరణం నాకు ఆఖరు కాదు. ఈ నెలంతా రోజూ ఒకసారి దీన్ని చూడండి.

2. దాచినదాన్ని బయట పెట్టండి

32వ కీర్తనలో దావీదు తన పాపం గురించి మౌనంగా ఉన్న రోజుల్లో ఎముకలు క్షీణించాయని అంటాడు. 51వ కీర్తనలో "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని అడుగుతాడు. మరల అన్నాడంటే ఒకప్పుడు ఉండి పోయిందన్నమాట. చాలామందికి సంతోషం పోయినచోటు ఇదే. వాక్యం ఎంత చదివినా, ఒప్పుకోవాల్సింది ఒప్పుకోకపోతే ఆ సంతోషం తిరిగి రాదు.

ఎలా చేయాలంటే, ఒంటరిగా కూర్చుని పాపాన్ని పేరు పెట్టి చెప్పండి. "ప్రభువా, నా తప్పులన్నీ క్షమించు" అని గుండుగుత్తగా చెప్పి లేచిపోకండి. "చెల్లెలి వాటా డబ్బు గురించి అబద్ధం చెప్పాను", "రాత్రిళ్ళు ఫోన్లో చూడకూడనివి చూస్తున్నాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. తర్వాత 1 యోహాను 1:9 చదివి, క్షమించాడని నమ్మి లేవండి.

మనిషితో సరిచేసుకోవాల్సింది ఉంటే ఈ వారంలోనే వెళ్ళండి. గట్టు తగాదా కావచ్చు, తీర్చని బాకీ కావచ్చు, ఆడపడుచుతో మాటల్లేకపోవడం కావచ్చు. బాకీ మొత్తం తీర్చలేకపోతే కొంత ఇచ్చి, మిగతాది ఎప్పుడిస్తారో చెప్పండి. మొహం చాటేయకండి.

జాగ్రత్త: మిమ్మల్ని కొట్టేవాళ్ళ దగ్గరికి, భయపెట్టేవాళ్ళ దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి. క్షమించడం అంటే మళ్ళీ దెబ్బలు తినడానికి వెళ్ళడం కాదు. "నువ్వే సర్దుకుపోవాలమ్మా" అని ఎవరు చెప్పినా సరే, ముందు మీకు, పిల్లలకు భద్రత ఉందో లేదో చూసుకోండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. ఎప్పుడో ఒప్పుకుని వదిలేసిన పాపాన్ని రోజూ తవ్వి తీయడం. అది భక్తిలా కనిపిస్తుంది గానీ, క్రీస్తు చేసిన పని చాలలేదన్నట్టు అవుతుంది. మళ్ళీ గుర్తొస్తే "అది క్షమించబడింది, వందనాలు ప్రభువా" అని ముందుకు సాగండి.

3. ఫోన్ కంటే ముందు వాక్యం

ఫిలిప్పీయులకు రాసిన పత్రికతో మొదలుపెట్టండి. నాలుగే అధ్యాయాలు, 104 వచనాలు. పౌలు దీన్ని బంధకాల్లో ఉండి రాశాడు. ఆనందం మాట అందులో మళ్ళీ మళ్ళీ వస్తుంది. నాలుగు రోజులు రోజుకొక అధ్యాయం చదివి, ఆ తర్వాత బైబిల్లోని కీర్తనల గ్రంథంలోకి వెళ్ళండి. 16, 23, 27, 63, 103, 126, 130 మొదలుపెట్టడానికి మంచివి.

నెమ్మదిగా, వీలైతే పైకి చదవండి. అందులో దేవుడు ఎలాంటివాడని కనిపించిందో ఒక వాక్యం రాయండి. దాన్నే ప్రార్థనగా మార్చి ఒక వాక్యం ఆయనతో చెప్పండి. ఎక్కువ రాయక్కర్లేదు. పనిలో ఉన్నప్పుడు ఆ ఒక్క వాక్యాన్నే రెండు మూడుసార్లు గుర్తు చేసుకోండి.

నైట్ షిఫ్ట్ వాళ్ళు ఇంటికొచ్చి పడుకునే ముందు చేయవచ్చు. పలాస నుంచి విశాఖ పాసింజరులో రోజూ వెళ్ళొచ్చేవాళ్ళకు సీటు దొరికితే అదే సమయం. వేటకు వెళ్ళే అన్నదమ్ములు ఒక కీర్తన కంఠతా పట్టి వెళ్ళండి. నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్ దగ్గర పడవల మీద ఉండేవాళ్ళకు సిగ్నల్ లేనిచోట ఇదే ఆధారం. ఇంట్లో మిగతావాళ్ళు విశ్వాసులు కాకపోతే గొడవ పెట్టుకుని బైబిలు తెరవక్కర్లేదు. పొయ్యి దగ్గర కూర్చుని నేర్చుకున్న వచనాన్ని మనసులో చెప్పుకున్నా దేవుడు వింటాడు.

రోజూ ఒక వాగ్దానం కార్డు (ఒక్క వచనం రాసి ఉండే చీటీ) తీసి, నచ్చినది వస్తే ఉత్సాహపడి, నచ్చనిది వస్తే ఇంకోటి తీసే అలవాటు మాత్రం మానేయండి. ఒక్క వచనాన్ని దాని చోటు నుంచి పీకి తీస్తే అది మనం అనుకున్నదే చెబుతుంది. అధ్యాయంగా చదివితే దేవుడు అన్నది వినిపిస్తుంది.

4. బాధను దాటేయకండి, దేవునితో చెప్పండి

మన సంఘాల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే అని నా అభిప్రాయం. "ఎలా ఉన్నారు?" అంటే "దేవుని కృపవల్ల బాగున్నాం" అనేస్తాం. ఇంట్లో మనిషికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ జరుగుతుంటుంది, రానూపోనూ ఖర్చులకు అప్పులు అవుతుంటాయి, అయినా సాక్ష్యంలో ఆ మాట రాదు. ఏడిస్తే అవిశ్వాసం అనుకుంటారని భయం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు తగలని కుటుంబం తక్కువైన ఊళ్ళు ఉన్నాయి. అక్కడ నవ్వు మొహం పెట్టుకుని కూర్చోవడాన్ని దేవుడు అడగలేదు.

లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. ఇంకొద్దిసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా విడిచాడు.

13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు. మొదటి రెండూ ప్రశ్నలు: ఎంతకాలం ప్రభువా? తర్వాతి రెండూ విన్నపం: నన్ను చూడు, నాకు జవాబివ్వు. చివరి రెండూ నమ్మకం, పాట. మీ నోటు పుస్తకంలో ఇదే వరసలో మీ ప్రార్థన రాయండి. ప్రశ్న గట్టిగా ఉన్నా పర్వాలేదు. "నా కొడుకే ఎందుకు?" అని రాయొచ్చు. దావీదు అంతకంటే గట్టిగానే అడిగాడు.

కొన్నాళ్ళు మూడో భాగం దాకా రాలేరు. బలవంతంగా రాయకండి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అయినా అది బైబిల్లోనే ఉంది. మరుసటి రోజు మళ్ళీ మొదటినుంచి చదవండి. బాధను ఆయనతో చెప్పుకోవడం కూడా ఆయనలో నిలిచి ఉండటమే. బాధ చెప్పకుండా మింగేసినవాళ్ళకు సంతోషం కూడా మొద్దుబారిపోతుంది.

5. కృతజ్ఞతను పేరు పెట్టి చెప్పండి

రాత్రి పడుకునే ముందు మూడు విషయాలు రాయండి. "అన్నిటికీ వందనాలు" అని రాయకండి. "ఆసుపత్రి వరండాలో పక్కామె అంబలి పోసింది", "నాగావళి వంతెన మీద బండి జారింది, దెబ్బ తగల్లేదు", "ఇవాళ అమ్మ పేరు పెట్టి పిలిచింది" అని రాయండి. ఆ మూడింటిలో మనిషి ఉంటే మరుసటి రోజు ఆ మనిషికి కూడా చెప్పండి.

1 థెస్సలొనీకయులకు 5:18 ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెల్లించమంటుంది. జరిగిన చెడుకు థాంక్స్ చెప్పమని దాని అర్థం కాదు. భర్త తాగొచ్చి కొట్టినందుకు వందనాలు చెప్పాలా అని ఒక చెల్లి అడిగింది. వద్దమ్మా. ఆ పరిస్థితి మధ్యలో దేవుడు నిన్ను విడవనందుకు చెప్పు, దానితోపాటు సాయం కూడా అడుగు.

6. ఒంటరిగా ప్రయత్నించకండి

మీరు నమ్మి మాట్లాడగలిగే విశ్వాసి అని మొదట్లో చెప్పానే, ఆ ప్రార్థన తోడును వారానికి ఒకసారి కలవండి. కలవడం కుదరకపోతే ఫోన్ చేయండి. ఈ వారం ఎక్కడ కుంగిపోయారు, దేవుడు ఎక్కడ కనిపించాడు అని ఒకరినొకరు అడగండి. ఇద్దరూ ప్రార్థన చేసి ముగించండి. అరగంట చాలు. సలహాలు ఇవ్వడం మొదలైతే ఆపేయండి. ఏడ్చేవారితో ఏడవమని రోమా 12:15 చెబుతుంది.

ఆదివారం ఆరాధన, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారం) మానకండి. మనసు బాగోలేదని మానేసేవాళ్ళు చాలామంది. బల్ల దగ్గరికి మన మనసు బాగుందని వెళ్ళం, ఆయన శరీరం మనకోసం విరవబడిందని వెళ్తాం. ఆ రోజు పాట నోట రాకపోతే పక్కవాళ్ళు పాడుతుంటే వినండి. వాళ్ళు మీ బదులు పాడుతున్నారు. ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పాడింది పౌలు ఒక్కడే కాదు, పక్కన తోటి సేవకుడు సీల ఉన్నాడు.

హైదరాబాదుకో చెన్నైకో పనికి వెళ్ళినవాళ్ళు వెళ్ళిన మొదటి ఆదివారమే దగ్గర్లో ఒక సంఘం చూసుకోండి. "సెటిలయ్యాక చూద్దాం" అనుకున్నవాళ్ళలో చాలామందికి ఆ ఆదివారం రానే రాదు.

7. ఎవరికో ఒకరికి, చప్పుడు చేయకుండా

పుచ్చుకోవడం కంటే ఇవ్వడం ధన్యమని యేసు అన్నమాటను పౌలు అపొస్తలుల కార్యములు 20:35లో గుర్తు చేస్తాడు. వారానికి ఒక పని ఎంచుకోండి. డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళకు తోడుగా కూర్చోవడం, ఒంటరిగా ఉండే ముసలమ్మకు మందులు తెచ్చిపెట్టడం, పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పడం. ఫోటో తీయకండి, స్టేటస్ పెట్టకండి. మన మతం వాళ్ళకే చేయాలని లేదు. పైడితల్లి పండగకు విజయనగరం అంతా జనంతో నిండిపోయే రోజుల్లో కొందరు విశ్వాసులు లోపల చిటపటలాడుతూ గడుపుతారు. ఆ జనంలో దాహంగా ఉన్నవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వండి, మనసెలా ఉంటుందో చూడండి.

అయితే ఈ దశ అందరికీ కాదు. సంఘంలో ప్రతి కూటానికీ వంట మీరే చేస్తూ, పొలం పని, ఇంటి పని, అత్తగారి సేవ అన్నీ మోస్తున్న అక్కలు ఉన్నారు. మీకు ఏడో దశ విశ్రాంతి. 1 రాజులు 19లో ఏలీయా చచ్చిపోతానని చెట్టుకింద పడుకుంటే దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. ప్రసంగం ఆ తర్వాత. వారంలో ఒక పూట మీ పని ఇంకెవరికైనా అప్పగించి పడుకోండి. అది బద్ధకం కాదు.

తరచూ జరిగే పొరపాట్లు

అప్పు చేసి కూటాలు పెట్టించడం, "ఇంత విత్తితే ఇంత ఆశీర్వాదం" అన్నవాళ్ళకు డబ్బు పంపడం. ఇలా పోయిన డబ్బుతోపాటు ఇంట్లో సమాధానం కూడా పోతుంది. కానుక ఉన్నదాంట్లో ఇవ్వండి. సంతోషం కొనుక్కోవడానికి ఇవ్వకండి.

వేరేవాళ్ళ సాక్ష్యంతో పోల్చుకోవడం. మైకులో ఐదు నిమిషాల్లో చెప్పినదాని వెనక ఎన్ని ఏళ్ళు ఉన్నాయో మనకు తెలీదు.

మందులు ఆపేయడం. ఇది గట్టిగా చెబుతున్నాను. బీపీ, షుగర్, కిడ్నీ, మనసుకు సంబంధించిన మాత్రలు ఏవైనా సరే, "విశ్వాసం ఉంటే మానేయండి" అని ఎవరన్నా మానకండి. డాక్టరు చెబితేనే మార్చండి.

పైన చెప్పినవన్నీ చేస్తున్నా రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం, బతికి ఏం లాభం అనిపించడం ఉంటే అది మీ విశ్వాసంలో లోపం కాదు. అది జబ్బు కావచ్చు, దానికి వైద్యం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి, వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి. ప్రార్థన మానక్కర్లేదు, రెండూ కలిపి చేయండి.

పని చేస్తోందో లేదో ఎలా చూసుకోవాలి

నెల తర్వాత "ఎన్ని రోజులు హుషారుగా ఉన్నాను" అని లెక్క వేయకండి. ఇవి చూడండి.

చెడ్డ కబురు వచ్చినప్పుడు దేవుని వైపు తిరగడానికి ముందు ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడు ఎంతసేపు పడుతోంది? బాధ రావడం ఆగదు, తిరగడం తొందరవుతుంది.

తోటికోడలి కూతురికి మంచి సంబంధం కుదిరిందని విన్నప్పుడు లోపల ఏమైంది? నిజంగా సంతోషపడగలిగితే అది పెద్ద గుర్తు. అసూయ కొంచెం కదిలి, మీరు దాన్ని పట్టుకుని ప్రార్థన చేసి ఉంటే అదీ మంచి గుర్తే.

మొదటి దశలో గీసిన పేజీని మళ్ళీ తీసి కుడివైపు చదవండి. "ఇది పోతే చచ్చిపోతాను" అని రాసినచోట ఇప్పుడు ఏం రాస్తారు?

అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష ఇంట్లోవాళ్ళది. భార్యను, భర్తను, పెద్దపిల్లలను అడగండి: "ఈ నెలలో నాతో ఉండటం తేలికైందా, కష్టమైందా?" జవాబు వింటూ మధ్యలో అడ్డుపడకండి. గలతీయులకు 5:22లో సంతోషం ఒక్కటే లేదు, దాని పక్కనే దీర్ఘశాంతము, దయాళుత్వము ఉన్నాయి. సంఘంలో ఉల్లాసంగా పాడి ఇంట్లో గిన్నెలు విసిరేస్తుంటే ఇంకా పని మిగిలి ఉందని అర్థం.

తేడా ఏమీ కనిపించకపోతే రెండో దశకు, నాలుగో దశకు వెళ్ళండి. నేను చూసినంతలో చాలామంది ఆగిపోయేది ఆ రెండిట్లో ఒకదాని దగ్గరే. ఫిలిప్పీయులకు 4:11లో పౌలు అంతటివాడు కూడా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని రాశాడు, కాబట్టి నెలతో అయిపోవాలని పట్టుబట్టకండి. మధ్యలో రోజులు తప్పిపోతే, తప్పినవన్నీ కలిపి ఒకేసారి చదివి లెక్క సరిచేయాలని చూడకండి. నోటు పుస్తకంలో ఇవాళ్టి తారీకు వేసి, ఆగిన కీర్తన దగ్గర నుంచే మొదలుపెట్టండి.